ఒరేయ్ బావా, ముందు ఆ నాపరాయి లేపు

విజయవాడ, ఆటోనగర్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజి మూడుసార్లు విన్నాను. ఏలూరులో ఎవరో మెకానిక్ షెడ్డు మూసేస్తున్నారట, కార్లని పైకి లేపే రెండు స్తంభాల మిషను, అదే నాలుగు టన్నుల టూ పోస్ట్ లిఫ్టు, సగం రేటుకే ఇస్తానంటున్నారట, రేపోమాపో అడ్వాన్సు ఇచ్చేస్తావట. ఫోన్లో చెబితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటావు, పెట్టెయ్యగానే మర్చిపోతావు. ఐటీఐలో ఫిట్టింగు క్లాసు నాటినుంచీ అంతేగా. అందుకని కూర్చుని రాస్తున్నా. ఇవాళ షెడ్డుకి సెలవు, మీ చెల్లెమ్మ పుట్టింటికెళ్ళింది, కదిలించేవాళ్ళు లేరు.

లిఫ్టు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు నీ షెడ్డు నేల సంగతి చెప్పు. నాకు గుర్తున్నంతవరకు మీ నాన్నగారు వేయించిన నాపరాళ్ళు అవి, కింద ఇసుక, ఆ కింద మన గుడివాడ నల్లరేగడి. దానిమీద టూ పోస్ట్ లిఫ్టు నిలబెడతావా? తడిస్తే ఉబ్బి, ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు తీసే మట్టి అది. మీ వీధిలో గోడలన్నీ ఎలా పగిలాయో నువ్వే చూపించావు.

ఎందుకింత గోల పెడుతున్నానో చెబుతా విను. ఈ లిఫ్టుల కథ 1925లో అమెరికాలో, మెంఫిస్ ఊళ్ళో మొదలైంది. పీటర్ లునాటి అనే ఆయనకి సెలూన్లో కుర్చీ నూనె ఒత్తిడితో పైకి లేవడం చూశాక ఈ ఆలోచన వచ్చిందట. ఆయన చేసింది నేలలో పాతిన ఒకే గొట్టం, బండి సరిగ్గా దాని నెత్తిమీద కూర్చునేది. బరువు తిన్నగా భూమిలోకి పోయేది. మన టూ పోస్ట్ అలా కాదు. బండి రెండు స్తంభాల మధ్య, చాపిన చేతుల మీద ఉంటుంది. నిండు బిందెని చెయ్యి చాపి పట్టుకుని చూడు, నడుము ముందుకు లాగుతుంది కదా. ఆ స్తంభానికీ అంతే, లోపలికి, బండి వైపుకి పడిపోదామని చూస్తుంది. దాన్ని వెనక్కి పట్టి ఉంచేది బయటివైపు యాంకర్ బోల్టులు, అంటే స్తంభం అడుగుని నేలకి బిగించేవి. బండి పైన ఉన్నంతసేపూ అవి నేలలోంచి ఊడిరావాలనే చూస్తుంటాయి. వాటిని ఊడనివ్వకుండా పట్టుకునేది కాంక్రీటు ఒక్కటే. నాపరాయీ, టైలూ, తారూ ఆ పని చెయ్యలేవు.

నా ఘనకార్యం నీకు పూర్తిగా చెప్పలేదు, సిగ్గేసి. మూడేళ్ళ క్రితం ఈ షెడ్డు అద్దెకి తీసుకున్నప్పుడు నేలంతా సిమెంటే, నున్నగా ఉంది. అమ్మినవాళ్ళు పంపిన ఫిట్టరు వచ్చాడు, సుద్దతో గీతలు కొట్టాడు, హ్యామర్ డ్రిల్లు పెట్టాడు. మొదటి మూడు బొక్కలకి బూడిదరంగు పొడి వచ్చింది, డ్రిల్లు గుర్రుగుర్రుమంటూ మెల్లగా దిగింది. నాలుగోదానికి మూడంగుళాలు దిగాక ఒక్కసారిగా వెన్నలోకి పోయినట్టు జారిపోయింది. పైకి తీస్తే బిట్టుకి ఎర్రపొడి. ఇటుక పొడి! నాకు పొట్టలో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. తర్వాత తెలిసింది, పాతకాలంలో అక్కడ బండ్ల కింద దిగే గుంత ఉండేది, ముందు అద్దెకున్నాయన దాన్ని ఇటుక ముక్కలతో పూడ్చి పైన పలచగా సిమెంటు పూసేశాడు. ఫిట్టరు మాత్రం కంగారు పడలేదు. "పర్లేదన్నా, కెమికల్ పోసి బిగించేద్దాం" అన్నాడు. నేను కూడా ఒక నిమిషం సరే అందామనుకున్నా, అబద్ధమెందుకు. అప్పటికే రెండు నెలల అద్దె కట్టి ఉన్నా.

చివరికి పగలగొట్టించాం. గుంతలో చెత్తంతా తీసి, గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టి, ఇనుప జాలీ పరిచి, ఎం25 రకం గట్టి కాంక్రీటు ఎనిమిదంగుళాలు పోయించాను. రెండు స్తంభాల కిందా విడివిడిగా దిమ్మెలు కాకుండా ఒకే పలక. కంపెనీ పుస్తకాల్లో మందం నాలుగంగుళాలనీ, ఆరనీ మోడల్‌ని బట్టి ఉంటుంది. నీది రేగడి నేల, కాబట్టి అది చూసి ఆగిపోకు. కింద మట్టి ఎంతవరకు తియ్యాలో, ఇనుము ఎంత వెయ్యాలో మీ ఊళ్ళో ఒక సివిల్ ఇంజినీరుకి డబ్బులిచ్చి అడుగు. మేస్త్రి నోటి లెక్కతో మాత్రం వద్దు. పోశాక తడిగోనెలు కప్పి నీళ్ళు పెడుతూ ఉండాలి, 28 రోజులు గడిచేదాకా యాంకరు బిగించకూడదు. వారానికే గట్టిపడినట్టు కనిపిస్తుంది, మనసు లాగుతుంది. ఆ నెలంతా నేను వీధిలో జాకీ మీద పని చేశాను. ఎండకి నల్లగా అయ్యానని నువ్వే ఎగతాళి చేశావు, గుర్తుందా?

ఎత్తు కూడా కొలువు. ఇన్నోవా క్రిస్టా ఎత్తు 1.8 మీటర్లు, లిఫ్టు దాన్ని ఇంకో 1.8 పైకి తీసుకెళ్తుంది. అక్కడికే పన్నెండడుగులు. నీ రేకుల కింద ఇనుప దూలం ఎంతెత్తులో ఉందో, ఫ్యాను ఎక్కడ వేలాడుతోందో చూసుకో.

ఇక ఆ ఏలూరు లిఫ్టు. రంగు చూసి మోసపోకు, కొత్త రంగు వేశారంటే నాకు అనుమానమే. చేతుల్ని స్తంభానికి తగిలించే పిన్ను దగ్గర వెల్డింగు చూడు, సన్నటి గీత ఉన్నా వదిలెయ్. ఎవరైనా అక్కడ పైన మళ్ళీ వెల్డింగు కొట్టి ఉంటే అసలు మాట్లాడకుండా ఇంటికొచ్చెయ్. రెండు వైపులనీ సమానంగా లేపే ఇనుప తాళ్ళుంటాయి కదా, వాటిని లిఫ్టు కదలనప్పుడు పాత గుడ్డతో తుడువు. తీగె తెగి ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. చేత్తో తుడిస్తే వేలు పట్టుకుంటుంది. ఎన్ని టన్నులో రాసిన రేకు దానికే అంటించి ఉండాలి, పుస్తకం కూడా అడుగు. పుస్తకం లేకపోతే ఆ మోడల్‌ది కంపెనీ వాళ్ళ దగ్గర తెప్పించుకున్నాకే బేరం. ఇంకో మాట, నాలుగు టన్నులంటే చేతికి ఒక టన్ను. మొత్తం నాలుగు లోపే కదా అని ముందు బరువంతా రెండు చేతుల మీద పడేస్తే కుదరదు.

బిగించేటప్పుడు నువ్వు పక్కనే ఉండు, టీ తాగడానికి కూడా పోకు. డ్రిల్లు నిలువుగా దిగాలి. బొక్కలో పొడి మొత్తం ఊదెయ్యాలి, నేను సైకిల్ పంపు పెట్టి ఊదాను. పొడి ఉండిపోతే యాంకరు పట్టినట్టే నటిస్తుంది. స్తంభం తూకం గుండు వేసి చూసి, తేడా ఉంటే కింద పలచటి ఇనుప రేకులు, షిమ్ములంటారు, అవి పెట్టాలి, చెక్కముక్కలు కాదు. అరంగుళం మించి షిమ్ములు అవసరమైతే నేలే తప్పుగా ఉందని అర్థం. తర్వాత టార్క్ రెంచి, నట్టు ఎంత బలంతో బిగుస్తోందో చూపించే పానా. మా వాడు పానాకి గొట్టం తగిలించి "ఇంక కదలదన్నా" అన్నాడు. అలా కాదు, పుస్తకంలో ఎంతుంటే అంత. ఆ లెక్కకి రాకుండా నట్టు తిరుగుతూనే ఉందంటే కింద కాంక్రీటు దాన్ని పట్టుకోవట్లేదని. బీటలకీ, పలక అంచుకీ మరీ దగ్గరగా బొక్క వెయ్యనివ్వకు. ఎంత దూరమో కూడా పుస్తకంలోనే ఉంటుంది.

కరెంటు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించు. త్రీ ఫేజ్ మోటారు ఉల్టా తిరిగితే ఆయిలు ఎక్కదు, వెంటనే ఆపేసి రెండు ఫేజులు మార్పించు, తిరగనిస్తే పంపు పోతుంది. ఎర్తింగు, విడిగా ఎంసీబీ తప్పనిసరి. ఆయిలు 32 నంబరో 46 నంబరో పుస్తకం చెప్పిందే పొయ్యి, మిగిలిపోయిన ఇంజనాయిలు పొయ్యకు (నువ్వు పోస్తావు, నాకు తెలుసు). పైపు ఎక్కడైనా చీలి సన్నగా కొడుతుంటే చెయ్యి పెట్టి వెతకొద్దు, ఆ ఒత్తిడికి నూనె చర్మంలోపలికి దూరిపోతుంది. అట్టముక్క పెట్టి చూడు.

మొదట బండి లేకుండా పదిసార్లు పైకీ కిందకీ తిప్పు. అప్పుడు చెవిపెట్టి విను. లేచిన బండి జారిపోకుండా ఆపే లాకులు స్తంభాల్లో పడే చప్పుడు రెండు వైపులా ఒకేసారి రావాలి, "టక్" అని. ఒకటి ముందు, ఒకటి వెనక "టక్… టక్" అని వస్తే తాళ్ళు సరిచెయ్యాలి. నాకిప్పుడు ఆఫీసు గదిలో కూర్చున్నా ఆ చప్పుడు తేడా తెలుస్తుంది. మీ చెల్లెమ్మ పిలుపు మాత్రం వినబడదంట!

బండి ఎక్కించే పద్ధతి మా కుర్రాళ్ళకి నేర్పడానికి ఆర్నెల్లు పట్టింది. బొలెరో, స్కార్పియో లాంటి ఛాసిస్ (అడుగున విడిగా ఇనుప చట్రం) ఉన్న బళ్ళకి ఛాసిస్ కింద, స్విఫ్ట్ లాంటివాటికి డోరు కింద అంచుమీద కంపెనీ గుర్తు పెట్టిన చోట లిఫ్టు చేతి చివరి రబ్బరు ప్యాడు ఆనాలి. ఎలక్ట్రిక్ బండైతే కడుపంతా బ్యాటరీనే, ప్యాడు దానికి ఒక్క వేలంత తగిలినా నేను ఒప్పుకోను. బండిలో మనిషి ఉండకూడదు, డిక్కీలో సామాను ఉండకూడదు. ఒకసారి డిక్కీ తెరిస్తే పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు, పెళ్ళికి తీసుకెళ్తున్నారంట! టైర్లు నేలకి నాలుగంగుళాలు లేవగానే ఆపి, బంపరు పట్టుకుని గట్టిగా ఊపాలి, చేతుల లాకులు పడ్డాయో లేదో చూడాలి. కదిలితే దించి మళ్ళీ సర్దాలి. కావలసినంత ఎత్తుకి లేపాక కొంచెం కిందకి దించి లాకు మీద కూర్చోబెట్టాలి. ఆయిలు మీద నిలబడ్డ బండి కిందకి మా షెడ్డులో ఎవడూ వెళ్ళడు. దించేటప్పుడు ముందు కాస్త పైకి లేపి, లాకు వదిలి, అప్పుడు కిందకి.

ఇవన్నీ నేర్చుకున్నాం అనుకున్నాక కూడా పోయిన కార్తీకంలో ఒకటయింది. ఒక పాత సెడాన్, ఇంజనూ గేరుబాక్సూ కలిపి కిందకి దించాం. ముందు చక్రాలతో నడిచే బండికి బరువంతా ముందే ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. అది తీసేస్తే తోక బరువెక్కుతుందని కూడా తెలుసు. కానీ ఆ పూట కస్టమరు పక్కన నిలబడి తొందర పెడుతున్నాడు. మా చిన్నకుర్రాడు, పదో తరగతి తప్పి వచ్చినవాడు, "అన్నా, ముందు ప్యాడు గాల్లో ఉందేంటి?" అన్నాడు. చూస్తే రబ్బరుకీ బండికీ మధ్య రెండు వేళ్ళ సందు, అందులోంచి అవతల గోడమీద క్యాలెండరు కనబడుతోంది. నోరు ఎండిపోయింది. అందర్నీ దూరంగా నిలబెట్టి, నేను పక్కనుంచి పొడుగు స్టాండు జరిపి వెనక బంపరు లోపలి ఛానల్ కింద ఆనించి, దాని మర తిప్పి బిగించాను. ఆ ముప్పై సెకన్లు ఎంతసేపు గడిచాయో నాకే తెలుసు. పడలేదు. ఆ కుర్రాడికి ఆ సాయంత్రం బిర్యానీ, మర్నాటినుంచి జీతంలో వెయ్యి ఎక్కువ. ఇప్పుడు ఇంజను దించాలంటే నట్టు ముట్టుకోకముందే వెనక స్టాండు, వెనక యాక్సిలు తియ్యాలంటే ముందు స్టాండు.

ప్రతి సోమవారం దేవుడికి అగరబత్తి వెలిగించాక నేను చేసే రెండో పని, యాంకర్ నట్లు, తాళ్ళు, ప్యాడ్లు చూడటం. నట్టుకీ ప్లేటుకీ కలిపి తెల్ల పెయింటుతో గీత గీశాను. గీత విరిగినట్టు కనబడిందంటే నట్టు కదిలినట్టే. ఏడాదికోసారి కంపెనీ మనిషిని పిలిపించి మొత్తం చూపిస్తా, వాడి ఛార్జీకి గొణుక్కుంటా, ఇస్తా.

సరే, చాలా రాసేశా, చెయ్యి నొప్పెడుతోంది. రేపు పొద్దున గునపం పట్టుకుని షెడ్డు మధ్యలో ఒక నాపరాయి లేపు, కింద అడుగున్నర తవ్వు, ఫోటో తీసి పంపు. ఈ శనివారం రాత్రి బస్సెక్కి వస్తాను, ఆదివారం ఇద్దరం కలిసి ఏలూరు వెళ్ళి ఆ లిఫ్టు చూద్దాం. హ్యామర్ డ్రిల్లు నేను తెస్తా. అత్తయ్యగారితో గోంగూర పచ్చడి చేయించి ఉంచు. అప్పటిదాకా ఆ ఏలూరాయనకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకు, ఫోన్ చేస్తే ఊళ్ళో లేనని చెప్పు.

నీ
బావ

తా.క.: బందరు వైపు ఎవరైనా వెళ్తుంటే అరకిలో లడ్డు తెప్పించు. డ్రిల్లు అద్దె అది.