ఏకలవ్యుడి కథ బొటనవేలితో ముగియదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఉగాదికి చెన్నైలో మా పేట తెలుగు పిల్లలు ఏకలవ్యుడి నాటకం వేశారు. పిల్లలు ఎంతో ముద్దుగా నటించారు. కానీ వేలు కోసివ్వగానే తెర దించి, గురుభక్తి అంటే ఇదీ అని పెద్దలు చప్పట్లు కొట్టించడం నాకు బాధ కలిగించింది. ద్రోణుడు అతన్ని శిష్యుడిగా తీసుకోనిది నిషాదుడని. సంస్కృత మహాభారతం ఆదిపర్వంలో ఆ మాట స్పష్టంగానే ఉంది. మొరిగే కుక్క నోట్లోకి ఏడు బాణాలు ఒక్కసారే అన్నంత వేగంగా వేసిన చేయి అది! ఆసియాలో చాలాచోట్ల విలుకాళ్లు బొటనవేలితోనే నారి లాగేవారు, ఆ వేలికి ప్రత్యేకంగా ఉంగరం తొడిగేవారు. ఇప్పటి ఒలింపిక్ క్రీడాకారులు లాగేది చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో. గురుదక్షిణగా ఏ వేలు అడగాలో ద్రోణుడికి బాగా తెలుసు.

ఆ తర్వాత ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో బాణం వేశాడనీ, మునుపటి వేగం మాత్రం రాలేదనీ వ్యాసుడే చెప్పాడు. ఆ ఘట్టాన్ని ఎందుకు వదిలేస్తున్నారు? వచ్చే ఏడాది నాటకంలో దాన్ని తప్పక చేర్చాలని నిర్వాహకులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, చెన్నై