కొలువులో పెట్టే పశువుల బొమ్మలకు రంగు కాదు, అతుకు చూడాలి

సంపాదకులకు,

సంక్రాంతి దగ్గర పడిందంటే మీ జిల్లా పేజీల్లో బొమ్మల కొలువుల ఫొటోలు మొదలవుతాయి. ఎన్ని మెట్లు, ఎన్ని వందల బొమ్మలు అన్నది ప్రతి ఫొటో కిందా రాస్తారు. ఆ బొమ్మలు ఏ ఊరివో, ఏ చెక్కతో చేసినవో మాత్రం రాయరు. కింది మెట్టు మీద పల్లెటూరుగా సర్దే ఎడ్లబండి, ఆవూదూడా, గేదెలు, గొర్రెలు, కోళ్ల గురించే ఈ ఉత్తరం. కొలువు మొత్తంలో ముందు పాడయ్యేవి ఇవే. దేవుడి బొమ్మ చాలావరకు ఒకే దిమ్మెగా ఉంటుంది. పశువుకైతే నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, రెండు చెవులు, తోక కలిపి తొమ్మిది చోట్ల విరగడానికి అవకాశం ఉంది.

మన దగ్గర చెక్క పశువులు ప్రధానంగా మూడు చోట్ల నుంచి వస్తాయి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు పొణికి చెక్కవి. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రను లేతు మిషను మీద తిప్పి, లక్క పూసి చేసినవి. ఈ రెండు రకాల పనీ వేరు, వచ్చే జబ్బులూ వేరు. రెండింటినీ ఒకే పెట్టెలో పడేసి ఒకే తడిగుడ్డతో తుడవడం వల్లే సగం నష్టం జరుగుతోంది.

కొండపల్లి ఎద్దును ఒకే ముక్కలో చెక్కరు. తెల్లపొణికిని ఆరబెట్టి, బహుదర అనే ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, విడిభాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. దాన్నే మక్కు అంటారు. దానిమీద సుద్ద పూత, ఆపైన రంగు. కాబట్టి కొనేవాడి కంటికి కనిపించేది పై పొర ఒక్కటే. చూడవలసింది దాని కింద ఉన్న మూడింటిని.

మొదటిది బరువు. పొణికి చాలా తేలిక చెక్క. అరచేతిలో పెట్టుకుంటే బరువుగా, చల్లగా తగిలే కొండపల్లి ఎద్దు పచ్చిచెక్కదై ఉండాలి, లేదా ప్లాస్టిక్‌లాంటి రెజిన్‌ను అచ్చులో పోసి చేసినదై ఉండాలి. రెజిన్ పోత అయితే పొట్ట కిందో కాళ్ల లోపలివైపో అచ్చు కలిసిన గీత దొరుకుతుంది. ఒకే రకం ఎడ్లు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానిలోని సొట్ట రెండోదానిలోనూ అక్కడే ఉంటుంది. చేత్తో చెక్కిన జతలో చెవులు కూడా ఒక్కలా రావు. పచ్చిచెక్కను పట్టుకోవడం ఇంతకన్నా కష్టం. పండగ ముందు తొందరగా అమ్మే సరుకులో ఇది ఎక్కువ. కొన్న రోజే వంటింటి త్రాసు మీద గ్రాముల్లో తూచి రాసుకోండి. నెల తరువాత మళ్లీ తూస్తే మొదటి బరువులో పదో వంతు దాకా పోయిందంటే చెక్క అప్పటిదాకా ఆరుతూనే ఉందన్నమాట. అలాంటి బొమ్మను బరువు నిలకడగా వచ్చేదాకా పెట్టెలో మూయకూడదు. మూస్తే లోపలి చెమ్మకు బూజు పడుతుంది. తరువాత చెక్క కుంచించుకుపోయి మెడ దగ్గర, కాళ్ల మొదట్లో సుద్ద పూత సన్నగా చీలుతుంది.

రెండోది కాళ్లలో చెక్క నార నడిచే దిక్కు. నార కాలు పొడుగునా, పైనుంచి కిందికి పోవాలి. అడ్డంగా పోతే పట్టుకుని ఎత్తినప్పుడే మోకాలి దగ్గర పుటుక్కుమంటుంది. రంగు వేశాక నార కనిపించదు కదా అంటారు. డెక్కల అడుగున రంగు పలచగా ఉంటుంది, అక్కడ చూడండి. చుక్కలు కనిపిస్తే నార నిలువు, గీతలు కనిపిస్తే అడ్డం. పీట మీద బిగించిన పశువైతే ఈ పరీక్ష కుదరదు. కానీ పీట ఉంటే కాళ్ల మీద భారం తగ్గుతుంది, దాచుకునేవారికి అదే మేలు.

మూడోది కొమ్ముల అతుకు. కొమ్ము తలకాయలోకి కన్నం చేసి దిగేసి ఉండాలి. పైపైన మక్కుతో అంటించినదైతే గోటితో నెమ్మదిగా నొక్కినప్పుడు మొదట్లో రంగు మీద గుండ్రటి గీత పడుతుంది. కొట్టువాడు చూస్తుండగా ఈ పని చేయడం మర్యాద కాదనుకుంటే, అడిగి చేయండి.

బండిలో చూడవలసింది చక్రం. ఇరుసు, చక్రం మధ్యనుండే కుండ వదులుగా ఉంటే చక్రం పక్కకు ఒరిగి బరువంతా ఒక సీల మీద పడుతుంది. కొలువులో బండి కదలదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. బండి నుంచి ముందుకు వచ్చే నొగల కింద కనిపించకుండా చిన్న చెక్క ముక్క ఆనించి పెడితే ఎడ్ల మెడల మీద కాడి బరువు పడదు, మూపురం మీద రంగు ఊడదు.

ఇక సైజులు. దుకాణాల్లో పశువులు విడివిడిగా అమ్ముతారు, ఒకే కొలతలో ఉండవు. మనిషి బొమ్మను కొలబద్దగా పెట్టుకోవాలి. పాలేరు బొమ్మ 10 సెంటీమీటర్లుంటే ఒంగోలు ఎద్దు మూపురం మొదట్లో దాదాపు 9, మేక నాలుగున్నర, కోడి రెండున్నర సెంటీమీటర్లకు మించకూడదు. ఆ పక్కన పుంగనూరు ఆవును పెట్టాలనుకుంటే 5 సెంటీమీటర్లు చాలు. నిజం పుంగనూరు ఆవు ఎత్తే 70 నుంచి 90 సెంటీమీటర్లు. ఎద్దంత కోడిపుంజు నిలబెట్టిన కొలువులు మీ ఫొటోల్లోనే కనిపిస్తాయి. పిల్లలకు సరదాగా ఉండొచ్చు గానీ సేకరణ అనిపించుకోదు.

జాతి లక్షణాలూ అంతే. ఒంగోలు ఎద్దుకు కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా, బయటికీ వెనక్కీ పోతాయి. గంగడోలు వేలాడుతుంది. ముట్టె, కంటి అంచులు, డెక్కలు, తోక కుచ్చు నలుపు. తెల్ల రంగు పూసి, పొడుగాటి నిలువు కొమ్ములు తగిలించి, తోక కుచ్చుకు ఎర్ర రంగు వేస్తే అది అందమైన ఎద్దే, ఒంగోలు ఎద్దు కాదు. గొర్రె ఒంటినిండా తెల్లటి ఉన్ని చుట్టలు చెక్కడం ఇంకో వింత. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే. ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, తెలుపు మీద నల్ల మచ్చలుంటే జొడిపి, గోధుమ రంగైతే దోర. అడిగితే కొండపల్లిలోనైనా నిర్మల్‌లోనైనా చెక్కి ఇవ్వగలవారు ఉన్నారు. ఫొటో తీసుకుని వెళ్లి, కొలత చెప్పి, పండగకు నెలన్నర ముందు ఆర్డరు పెట్టాలి. చెక్క ఆరడానికి, పూతలు ఆరడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

దాచడంలో జరిగే పొరపాట్లు ఎక్కువగా మంచి ఉద్దేశంతో చేసేవే. బొమ్మలను పాత పేపర్లో చుట్టడం వాటిలో మొదటిది. మీ పత్రికను వద్దనవలసిన చోటు ఇదొక్కటే: అచ్చు సిరా తెల్ల ఎద్దుల మీదికి దిగుతుంది, కాగితం చెమ్మను పట్టి ఉంచుతుంది. గంజి పెట్టని, ఉతికి ఆరేసిన పాత నూలు గుడ్డ మేలు. గంజి ఉంటే పురుగుకు పిలుపే, ఎందుకంటే మక్కు కూడా దానికి తిండే. కలరా ఉండలు బొమ్మకు తగిలేలా వేయకూడదు. లక్కకూ ప్లాస్టిక్‌కూ అవి అసలు పడవు. వేపాకు వేస్తే బాగా ఎండినది వేయాలి, పచ్చిదైతే చెమ్మ వస్తుంది. మెత్తని ప్లాస్టిక్ ఆవులు, గుర్రాలు కూడా కొని కలిపి దాచేవారు వాటిని రంగు చెక్కకు ఆనించకూడదు. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం నెమ్మదిగా ఊరి రంగును జిగటగా చేస్తుంది. వేసవి అయ్యేసరికి రెండూ అంటుకుపోతాయి.

ఏటికొప్పాక బొమ్మకు శత్రువు వేడి, స్పిరిట్. లక్క ఎండకు మెత్తబడుతుంది, కారు డిక్కీలో మధ్యాహ్నమంతా వదిలేస్తే గుడ్డ నేత దాని మీద అచ్చు పడుతుంది. శానిటైజర్‌తో తుడిస్తే లక్క కరిగి మెరుపు పోతుంది. పొడిగుడ్డ చాలు. తయారీలో మెరుపు తేవడానికి మొగలి ఆకుతోనే రుద్దుతారు, మైనపు పాలిష్‌ల అవసరం లేదు. కొండపల్లి, నిర్మల్ పశువులకు మెత్తటి వెంట్రుకల బ్రష్ తప్ప మరేదీ తగలకూడదు. తడిగుడ్డ తగిలితే సుద్ద ఉబ్బి రంగు పెచ్చులుగా లేస్తుంది.

మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర కన్నాలు కనిపించి, వాటి కింద మెత్తటి పొడి రాలితే పుప్పి పట్టినట్టు. అది పాత కన్నమా, పురుగు ఇంకా ఉందా అన్నది తేల్చడానికి బొమ్మను రెండు వారాలు నల్ల కాగితం మీద విడిగా ఉంచండి. కొత్త పొడి పడితే పురుగు బతికే ఉంది. కన్నాల్లోకి సిరంజితో కిరోసిన్ ఎక్కించడం చాలామంది చేసే పని. సుద్ద పూత దాన్ని పీల్చుకుని పసుపు మరకగా పైకి తేలుతుంది, ఆ మరక ఇక పోదు. రంగు గట్టిగా ఉన్న బొమ్మనైతే గాలి తీసేసిన పాలిథిన్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచవచ్చు. బయటకు తీశాక పూర్తిగా ఒక రోజు గడిచేదాకా సంచి విప్పకూడదు, విప్పితే నీటిచుక్కలు బొమ్మ మీదే పడతాయి. పెచ్చులు లేస్తున్నవాటికీ లక్క బొమ్మలకూ ఈ వైద్యం పనికిరాదు. వాటిని మూసిన సంచిలో మిగతావాటికి దూరంగా ఉంచి గమనించుకోవడమే.

విరిగిన కొమ్మును క్షణంలో అంటించే జిగురుతో అంటించవద్దు. పొణికి దాన్ని పీల్చేసుకుంటుంది, అతుకులో ఏమీ మిగలదు, చుట్టూ రంగు మీద తెల్లటి పొగలాంటి మచ్చ మాత్రం మిగులుతుంది. వడ్రంగులు వాడే తెల్ల జిగురు అగ్గిపుల్ల కొనతో రెండు వైపులా పలచగా రాసి, నూలు నాడాతో కట్టి 24 గంటలు వదలాలి. రబ్బరు బ్యాండు వేస్తే రంగుకు అంటుకుంటుంది. ముక్క పోయిన చోట మక్కే సరైనది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి ఉడికించాలి, జల్లించిన రంపపు పొట్టు కలిపి ముద్ద చేయాలి. ఒక్కసారికి 2 మిల్లీమీటర్లకు మించి పెట్టకూడదు, మందంగా పెడితే ఆరేటప్పుడు కుదించుకుని చీలుతుంది. పురుగు రాకుండా పుస్తకాల బైండింగు వాళ్లలా మైలుతుత్తం కలపాలనుకునేవారు అది విషమని గుర్తుంచుకోవాలి. పిల్లలు ఆడే బొమ్మకు వద్దే వద్దు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక ప్రభుత్వ నిబంధన. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారుల బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. చేతిపనివారిని బతికించడానికి అది న్యాయమే. కానీ దానివల్ల రంగులో ఏముందో కొనేవాడికి చెప్పే గుర్తు లేకుండా పోయింది. గృహావసర రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఎనామిల్ వేసిన పాత ఎడ్లను కొలువులో చూడటానికే ఉంచి, పసిపిల్లల నోటికి అందకుండా చూసుకోవాలి.

అందుకే దుకాణాలు, ఎంపోరియాలు, సహకార సంఘాలు ప్రతి బొమ్మతోపాటు ఒక చిన్న చీటీ ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. చెక్క పేరు, రంగు రకం, చేసిన ఊరు, సంవత్సరం, చేసినవారు ఒప్పుకుంటే వారి పేరు. ఐదు మాటలు, రూపాయి ఖర్చు కూడా కాదు. మీరు పెట్టే కొలువు పోటీల్లో బొమ్మల సంఖ్యకు మార్కులు తగ్గించి ఈ వివరాలకు వేస్తే చీటీలు వాటంతటవే వస్తాయి. అవి వచ్చేదాకా కొన్నవారే పీట అడుగునో పొట్ట కిందో పెన్సిల్‌తో ఊరు, సంవత్సరం రాసుకోవచ్చు. బాల్ పెన్ను వద్దు, సిరా పొణికిలోకి పాకుతుంది. స్టిక్కర్ కూడా వద్దు, తీసేటప్పుడు సుద్దతో సహా ఊడి వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ