ఒక్కో నర్సుకు ఎందరు రోగులో వార్డు ముందు బోర్డు పెట్టాలి

సంపాదకుడు గారికి,

ఆస్పత్రిలో పొరపాటు జరిగి రోగి ప్రాణం మీదికి వస్తే మర్నాడు పత్రికల్లో దాదాపు ఒకే రకం వార్త కనిపిస్తుంది. నర్సు నిర్లక్ష్యం, బంధువుల ఆందోళన, విచారణకు ఆదేశం, సస్పెన్షన్. ఆ రాత్రి ఆ నర్సు ఒక్కతే ఎంతమంది రోగుల్ని చూసుకుంటోందో మాత్రం ఆ వార్తలో ఉండదు. నేను వార్డుల్లో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ఆ లెక్క అందరూ అడగాలి. షుగరు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, క్యాన్సర్‌తో ఏళ్ల తరబడి మందుల మీద నెట్టుకొస్తున్నవాళ్లు మరీ గట్టిగా అడగాలి. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ లెక్క మీద నర్సులే చేసిన పరిశోధన ఉంది. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలి బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రుల్లో ఆపరేషన్లు చేయించుకున్న 2 లక్షలకు పైగా రోగుల వివరాలు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. నర్సుకు ఒక్క రోగి అదనంగా పెరిగితే, ఆస్పత్రిలో చేరిన 30 రోజుల్లోపు రోగి చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందని తేలింది. నలుగురిని చూసే నర్సుకు ఎనిమిది మందిని అప్పగిస్తే ఆ ముప్పు 31 శాతం ఎక్కువ. 2014లో ఐరోపాలోని 9 దేశాల ఆస్పత్రుల్లో చూస్తే మళ్లీ అదే 7 శాతం వచ్చింది. దేశాలు వేరు, ఆస్పత్రులు నడిచే తీరు వేరు, అయినా అంకె మారలేదు.

వార్డులో పనిచేసిన ఎవరికైనా దీని వెనక కారణం తెలుసు. రోగి పరిస్థితి దిగజారడం చాలాసార్లు ఒక్కసారిగా జరగదు. చాలామందిలో ముందు మారేది ఊపిరి వేగం. దాన్ని సరిగ్గా తెలుసుకోవాలంటే మంచం పక్కన నిలబడి, రోగి ఛాతీ మీద కన్నేసి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. దాన్ని లెక్కపెట్టే మెషీన్ అన్ని మంచాల దగ్గరా ఉండదు. రోగులు ఎక్కువై చేతులు ఆడనప్పుడు ముందు పోయేది ఆ నిమిషమే. చార్టులో నిన్నటి అంకే మళ్లీ పడుతుంది.

పని పెరిగినప్పుడు నర్సు ఏది వదిలేస్తుందన్న దాని మీద కూడా పరిశోధన జరిగింది. 12 ఐరోపా దేశాల్లో నర్సుల్ని, చివరిసారి చేసిన షిఫ్టులో సమయం చాలక చేయలేకపోయిన పనులేమిటని అడిగారు. రోగితో మాట్లాడి ధైర్యం చెప్పలేకపోయామన్నవాళ్లు 53 శాతం. రోగికీ ఇంట్లోవాళ్లకీ జాగ్రత్తలు నేర్పలేకపోయామన్నవాళ్లు 41 శాతం. సూదులు, సెలైన్లు, డాక్టరు రౌండు ఆగవు, ఆగకూడదు కూడా. అందుకని మాట, నేర్పడం ఆగిపోతాయి. ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లేవాడికి ఇది చిన్న లోటుగా అనిపించవచ్చు. జబ్బుతో జీవితాంతం బతకాల్సినవాళ్లకు మాత్రం ఆ నేర్పే పనే వైద్యంలో సగం. రేపట్నుంచి తన నర్సు తనే కావాలి మరి. దీర్ఘకాలిక జబ్బుల మందుల్ని చెప్పినట్టు వాడుతున్నవాళ్లు ధనిక దేశాల్లోనే సగటున సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో లెక్కగట్టింది. మిగతా సగం మందిని మొండివాళ్లని తిట్టి ఊరుకోవడం మాకూ అలవాటైపోయింది. అది తప్పు. వాళ్లలో చాలామందికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఇన్సులిన్ సంగతి చూడండి. కొన్నిచోట్ల ఇన్సులిన్ రెండు రకాల సీసాల్లో దొరుకుతుంది. ఒకదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, మరోదానిలో 100 యూనిట్లు. దేని సిరంజి దానికే వాడాలి. 100 యూనిట్ల సీసాలోంచి 40 సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 10 యూనిట్లు కాదు, 25. షుగరు బాగా పడిపోయి నిద్రలోనే స్పృహ తప్పవచ్చు. ఇందులో డాక్టరు రాసిన మోతాదు సరైనదే, మందుల షాపువాళ్లు ఇచ్చిన సీసా సరైనదే. ఇంట్లో పాత సిరంజిలు మిగిలి ఉన్నాయి, అంతే. ఈ ప్రమాదాన్ని ముందుగా పట్టుకోగలిగేది డిశ్చార్జి రోజున పక్కన కూర్చుని, “ఇంట్లో ఏ సిరంజి ఉందమ్మా? ఓసారి నా ముందు మీరే లాగి చూపించండి” అని అడిగే నర్సు. “అర్థమైందా?” అంటే అందరూ తలూపుతారు. ఇంటికెళ్లే తొందర ఉంటుంది, తెలియదని చెప్పడానికి మొహమాటం ఉంటుంది. చేసి చూపించమంటేనే అసలు సంగతి బయటపడుతుంది. దీనికి మెషీన్ అక్కర్లేదు, మందు అక్కర్లేదు, తీరుబడిగా ఓ పావుగంట కావాలి. ఆ పావుగంటే నర్సు దగ్గర ఉండటం లేదు.

గుండె బలహీనపడినవాళ్ల విషయమూ ఇంతే. ఆయాసం వచ్చి అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కడానికి కొద్దిరోజుల ముందే చాలామందికి ఒంట్లో నీరు చేరి బరువు పెరుగుతుంది. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఒకే తూకం మీద, దాదాపు అవే బట్టలతో బరువు చూసుకుని రాసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే ఆగకుండా ఫోన్ చేయాలి. ఎవరికి చేయాలి? డిశ్చార్జి కాగితం మీద ఉన్న నంబరు రిసెప్షన్‌ది. అక్కడ ఎత్తినవాళ్లు రోజు చెప్పి అపాయింట్‌మెంట్ ఇస్తారు. ఈలోగా ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చేస్తుంది. అటువైపు ఫోను ఎత్తి “పాదాలు వాచాయా? రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నారు?” అని అడిగే నర్సు ఉంటే చాలావరకు అంత దూరం రాదు.

ఇది నా ఊహ కాదు. మేరీ నేలర్ అనే నర్సు పరిశోధకురాలు ఫిలడెల్ఫియాలో 65 ఏళ్లు దాటిన రోగుల్ని తీసుకుని, ప్రత్యేక శిక్షణ ఉన్న నర్సుల్ని ఆస్పత్రిలోనే వాళ్లకు పరిచయం చేసి, డిశ్చార్జి తర్వాత అదే నర్సు ఇంటికి వెళ్లి చూసేలా, ఫోన్లో దొరికేలా ఏర్పాటు చేశారు. 1999లో వచ్చిన ఫలితం ఇది: 24 వారాల్లో మళ్లీ ఆస్పత్రి పాలైనవాళ్లు మామూలు పద్ధతిలో 37 శాతం, ఈ పద్ధతిలో 20 శాతం.

క్యాన్సర్ ముదిరినవాళ్ల దగ్గరా ఇలాంటిదే తేలింది. న్యూయార్క్‌లో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు నొప్పి, వాంతులు, నీరసం ఎలా ఉన్నాయో తామే కంప్యూటర్లో నమోదు చేసేవారు. బాధ పెరగగానే నర్సుకు కబురు వెళ్లేది. 2017లో వచ్చిన లెక్క ప్రకారం ఇలా నర్సులు కనిపెట్టుకుని చూసినవాళ్లలో సగం మంది 31 నెలలకు పైగా బతికితే, మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో సగం మంది 26 నెలలకు పైగా బతికారు. బాధ తగ్గించడం వేరు, వైద్యం వేరు అనుకునేవాళ్లు ఈ అంకెల్ని ఓసారి చూడాలి. నర్సుగా మొదలై తర్వాత డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునే కేంద్రం) తెరిచేనాటికే చెప్పారు, రోగి నొప్పిలో ఒంటి నొప్పితో పాటు మనసులో భయం, ఇంట్లోవాళ్ల గురించి దిగులు అన్నీ కలిసి ఉంటాయని. ప్రపంచంలో ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇలాంటి ఉపశమన సేవ అవసరమైతే, అందుతున్నది వాళ్లలో 14 శాతం మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రాత్రింబగళ్లు మంచం పక్కనే ఉండి నలిగిపోయే భార్యనో కొడుకునో “మీరు తిన్నారా, నిద్రపోతున్నారా?” అని అడిగేవాళ్లు ఉన్న ఆస్పత్రులు ఎన్ని?

ఇక పొరపాట్ల విషయం. 1999లో అమెరికాలో నిపుణుల సంఘం ఒకటి, ఆ దేశపు ఆస్పత్రుల్లో నివారించదగ్గ పొరపాట్ల వల్ల ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని అంచనా వేసింది. వీటిలో ఎక్కువ భాగం మనుషుల చెడ్డతనం వల్ల జరిగేవి కావు, పని ఏర్పాటులోని లోపాల వల్ల జరిగేవి అని కూడా తేల్చింది. ఒకేలా కనిపించే రెండు సీసాల్ని ఒకే అరలో పెట్టి, మందులిచ్చే నర్సును ఐదు నిమిషాలకోసారి పిలుస్తుంటే పొరపాటు జరగక ఏమవుతుంది? చేయబోయిన పొరపాటును ఆఖరి క్షణంలో గమనించి ఆపిన నర్సు ఆ విషయం పైకి చెబితే ఆ అరను సరిచేయవచ్చు. చెబితే మెమో వస్తుందని తెలిసిన చోట ఎవరూ చెప్పరు. తర్వాతి డ్యూటీలో ఇంకో నర్సు అదే సీసా అందుకుంటుంది.

నర్సుల్ని పెంచాలంటే డబ్బెక్కడిదని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016లో చట్టం చేసి, ఎంపిక చేసిన ప్రభుత్వ ఆస్పత్రుల వార్డుల్లో పగలు సగటున నలుగురు రోగులకు ఒక నర్సు, రాత్రి ఏడుగురికి ఒకరు ఉండాలంది. 2021లో వచ్చిన ఫలితాలు చూస్తే, నర్సుకు అప్పగించే రోగులు తగ్గిన మేరకు మరణాలు తగ్గాయి, డిశ్చార్జి అయినవాళ్లు మళ్లీ వచ్చి చేరడం తగ్గింది, ఆస్పత్రిలో ఉండే రోజులూ తగ్గాయి. అలా మిగిలిన డబ్బు అదనపు నర్సుల ఖర్చుకు రెట్టింపు కంటే ఎక్కువ. రోగి మళ్లీ చేరితే బిల్లు మళ్లీ వస్తుందని లెక్కలేసుకునే యాజమాన్యాలకు ఈ పొదుపు రుచించకపోవచ్చు. వాటిమీద ఒత్తిడి తేవాల్సింది ప్రభుత్వాలు, బీమా సంస్థలు.

ప్రతి వార్డు గుమ్మం దగ్గర, ఈ షిఫ్టులో ఎందరు రోగులు, ఎందరు నర్సులు అని బోర్డు పెట్టడం రేపటినుంచే చేయవచ్చు. సుద్దముక్క చాలు. ఆస్పత్రి గుర్తింపును పునరుద్ధరించేటప్పుడు పడకలు, స్కానింగ్ మెషీన్ల లెక్కతో పాటు ఈ లెక్కా చూడాలి. దీర్ఘకాలిక జబ్బు ఉన్న ప్రతి రోగికీ డిశ్చార్జి రోజున నేర్పే బాధ్యత ఫలానా నర్సుదని రాసిపెట్టి, ఆ సమయాన్ని డ్యూటీ చార్టులోనే చూపించాలి. వారంలోపు ఆ నర్సే ఫోన్ చేయాలి. బెడ్‌సోర్లు (పడక పుండ్లు), కిందపడటాలు, మందుల పొరపాట్లు, మళ్లీ చేరికలు మన వార్డుల్లో ఎంత ఉన్నాయో నర్సులే నమోదు చేసి అధ్యయనం చేయడానికి డ్యూటీలో సమయం, కొంత నిధి ఇవ్వాలి. నర్సింగ్ కాలేజీల్లో విద్యార్థులు రాసే పరిశోధనా వ్యాసాలు పరీక్ష కాగానే బీరువాలోకి పోతున్నాయి. అవి ఏ వార్డులో చేశారో కనీసం ఆ వార్డు ఇన్‌ఛార్జికైనా చేరాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఈసారి ఆస్పత్రి పొరపాటు వార్త రాసేటప్పుడు, ఆ షిఫ్టులో అక్కడ ఎందరు రోగులకు ఎందరు నర్సులున్నారో కూడా అడగమని మీ విలేకరులకు చెప్పండి. యాజమాన్యం చెప్పకపోతే, చెప్పలేదనే రాయండి.

ఇట్లు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు