కీటోన్స్ పక్కన ప్లస్ ఉంటే ఏంటో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో షుగర్ గురించి తరచూ రాస్తుంటారు, చాలా మంచి పని, కానీ యూరిన్ రిపోర్ట్‌లో కీటోన్స్ అని ఒక లైన్ ఉంటుంది కదా దాని గురించి మాత్రం వివరంగా రాయట్లేదు. దాని పక్కన ప్లస్‌లు ఎన్ని ఎక్కువుంటే యూరిన్‌లో కీటోన్స్ అంత ఎక్కువున్నట్టు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఒక్క ప్లస్ చూసి కిడ్నీలు పాడైపోయాయా అని ఏడ్చేవాళ్లని చూశాను, మూడు ప్లస్‌లు ఉన్నా మాత్ర వేసుకుంటే అదే తగ్గుద్దిలే అని ఇంటికెళ్లిపోయేవాళ్లనీ చూశాను. నా భయమంతా ఈ రెండో రకం గురించే.

తిండి లేకపోయినా, ఇన్సులిన్ చాలకపోయినా ఒళ్లు కొవ్వుని కరిగించి వాడుకుంటుంది, అప్పుడు తయారయ్యేవే ఈ కీటోన్స్. అందుకే ఉపవాసం ఉన్నా, పిండిపదార్థాలు బాగా తగ్గించే డైట్ చేసినా ట్రేస్ (అంటే లేశమాత్రం) గానీ ఒక ప్లస్ గానీ రావచ్చు, షుగర్ లేనివాళ్లు దానికే కంగారుపడక్కర్లేదు. గర్భిణులకి వాంతులు ఆగకుండా ఉండి కీటోన్స్ వస్తే మాత్రం డాక్టర్‌కి చూపించాల్సిందే.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు, అందులోనూ ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లది. షుగర్ 240 దాటి, రెండు ప్లస్‌లో అంతకంటే ఎక్కువో వచ్చి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దండి, రక్తంలో యాసిడ్ పెరిగిపోయి గంటల్లోనే ప్రాణం మీదకి వస్తుంది. జ్వరమొచ్చి ఏం తినట్లేదు కదా అని ఇన్సులిన్ మొత్తం ఆపేస్తారు చూడండి, చాలామందికి అక్కడే కొంప మునుగుతుంది. ఇంకోటి, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లకి షుగర్ 200 లోపే ఉన్నా ఈ ప్రమాదం రావచ్చు, మీటర్‌లో నంబర్ బాగానే ఉంది కదా అని మోసపోతారు.

యూరిన్‌లో ముంచి రంగు చూసే స్ట్రిప్‌కి కూడా హద్దులున్నాయి. కీటోన్స్‌లో రకాలున్నాయి, అది అసిటోఅసిటేట్ అనే రకాన్ని మాత్రమే బాగా పట్టుకుంటుంది, సీరియస్‌గా ఉన్నప్పుడు ఎక్కువగా పెరిగే బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్ అనే రకం దానికి కనిపించదు. కాబట్టి ఒంట్లో బాగోలేనప్పుడు నెగటివ్ వచ్చినా పూర్తిగా నమ్మకూడదు. ట్రీట్‌మెంట్ మొదలయ్యాక మనిషి కోలుకుంటున్నా స్ట్రిప్ రంగు ఇంకా ముదురుగా రావచ్చు, ఎందుకంటే ఆ రెండోది మొదటిదానిగా మారుతుంటుంది, పైగా యూరిన్ చెప్పేది కొన్ని గంటల కిందటి సంగతి. ఇప్పుడెలా ఉందో తెలియాలంటే రక్తంలో కీటోన్స్ చూడాలి, 0.6 mmol/L లోపుంటే నార్మల్, 3 దాటితే ఎమర్జెన్సీ. ఇంట్లో టెస్ట్ చేసుకునేవాళ్లు డబ్బా మూత గట్టిగా పెట్టండి, గాలి తగిలిన స్ట్రిప్‌లు ఉన్న కీటోన్స్‌ని కూడా చూపించవు. రంగు ఎన్ని సెకన్లకి చూడాలో డబ్బా మీదే ఉంటుంది, ఒక్కో కంపెనీది ఒక్కోలా.

షుగర్ డాక్టర్ ఎవరిచేతైనా ఇవన్నీ మీ ఆరోగ్యం పేజీలో రాయించండి, ముఖ్యంగా జ్వరం, వాంతులు వచ్చిన రోజు ఇన్సులిన్ డోసు ఎలా వేసుకోవాలో, ఏ మాత్రలు ఆపాలో.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ల్యాబ్ టెక్నీషియన్