కేకుకి కాటా కావాల్సిందే

చెన్నై

ఒరేయ్ మావా,

పాప పుట్టినరోజుకి కేకు ఇంట్లోనే చేద్దామని ఓటీజీ కొన్నావట, ఎంత సంతోషం వేసిందో! ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మొదటిసారి కాబట్టి అరటిపండు చాక్లెట్ కేకు చెయ్యి. బీటర్ అక్కర్లేదు, పైన క్రీము అక్కర్లేదు, టెన్షన్ అసలే అక్కర్లేదు.

అసలు సంగతంతా పళ్ళలోనే ఉంది. తొక్క మీద నల్లమచ్చలు బాగా పడి, పట్టుకుంటే మెత్తగా ఉండాలి. పండేకొద్దీ కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది కదా, ఆ తీపి, ఆ వాసన కేకుకి కావాలి. ఇక్కడ నేను మోరిస్ పళ్ళు వాడతాను. మచ్చపడ్డవి ఎవరూ కొనరని మా వీధి బండి ఆయన తక్కువకే ఇచ్చేస్తాడు. మీకు రాజమండ్రిలో చక్కెరకేళీ దొరుకుతుంది గానీ, దాన్ని మాత్రం కేకులో వెయ్యకు. అది అలాగే వలుచుకుని తినాల్సిన పండు.

తొక్క తీసి తూస్తే 300 గ్రాముల గుజ్జు రావాలి. ఫోర్కుతో మెదుపు, అక్కడక్కడా పలుకులున్నా పర్లేదు. అందులో 150 గ్రాముల పంచదార, 100 మిల్లీలీటర్ల నూనె, రెండు గుడ్లు, 60 గ్రాముల పెరుగు వేసి కలుపు. 160 గ్రాముల మైదా, 40 గ్రాముల కోకో, ఒక చిన్న చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు విడిగా జల్లించి ఇందులో పొయ్యి. పొడిపిండి కనపడకుండా పోయేంతవరకే తిప్పు, ఇంకా తిప్పితే మైదా సాగి కేకు గట్టిపడుతుంది. గరిటె ఎత్తితే ముద్దముద్దగా జారాలి. చివర్లో 100 గ్రాముల చాక్లెట్ ముక్కలు వెయ్యి. పెరుగులో, పండులో ఉన్న పులుపు తగలగానే సోడా పొంగడం మొదలెడుతుంది, కాబట్టి పిండిని నాననివ్వకుండా వెంటనే 175 డిగ్రీల వేడిలో పెట్టెయ్. 50 నిమిషాలకి పుల్ల గుచ్చి చూడు. పచ్చిపిండి అంటకపోతే చాలు, తడిగా ఉన్న కేకు పొడి కాస్త అంటినా తీసెయ్యచ్చు.

గ్రాములు గ్రాములు అని ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పప్పుచారైతే మధ్యలో రుచి చూసి ఉప్పో పులుపో సర్దుకుంటాం. కేకు ఓవెన్‌లోకి వెళ్ళిందా, ఇక మన చేతిలో ఏమీ లేదు.

ఈమధ్య అసలు వంటలు రాయడం ఎప్పుడు మొదలైందా అని చదువుతున్నా. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో బాబిలోనియా మట్టిపలకలు ఉన్నాయి, సుమారు క్రీ.పూ. 1730 నాటివి. ఒక్క పలక మీదే 25 వంటకాలు, చాలావరకు మాంసం పులుసులు! నీళ్ళు పెట్టు, కొవ్వు వెయ్యి, వెల్లుల్లి నూరి వెయ్యి అంటూ పోతుంది. ఎంత వెయ్యాలో లేదు, ఎంతసేపో లేదు. చదివేవాడికి వంట వచ్చనే ధీమా. మన వైపు చూస్తే 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం'లో ఒక అధ్యాయమంతా తిండి గురించే రాయించాడు. మినప్పిండితో చేసే ఇడ్డరిక కూడా ఉంది అందులో.

కొలతలు గట్టిగా వచ్చింది మాత్రం నిన్నమొన్నే. 1845లో ఇంగ్లండులో ఎలైజా ఆక్టన్ తన వంటల పుస్తకంలో పదార్థాలు, వాటి కొలతలు, పట్టే టైము వంటకం చివర విడిగా రాసింది. 1861లో ఇసబెల్లా బీటన్ తన పుస్తకంలో ఆ పదార్థాల పట్టీని వంటకం మొదట్లోకి తెచ్చింది. అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లో కప్పు మీద గోపురంలా నిలిచిన పిండిని చాకుతో చదును చేసి కొలవమంది. వంట పక్కనుండి నేర్పే మనిషి లేనివాళ్ళ కోసం వీళ్ళు పడ్డ శ్రమ చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మన మద్రాసూ తక్కువేం కాదు. మీనాక్షి అమ్మాళ్ గారి తమిళ వంటల పుస్తకం 'సమైత్తుప్పార్' 1951లో వచ్చింది, ఇప్పటికీ ఇక్కడ కొత్త పెళ్ళికూతుళ్ళకి ఇస్తారు. మన మాలతీ చందూర్ గారూ ఈ ఊళ్ళో ఉంటూనే 'వంటలు - పిండివంటలు' రాశారు. మా అత్తయ్య దగ్గరున్న ప్రతికి అట్ట ఊడిపోయింది, అరిసెల పేజీ నిండా నూనె మరకలు. అయినా ఎవరికీ ఇవ్వదు.

ఇప్పుడు నీకో పని. మీ అమ్మగారి పనసపొట్టు కూర ఎక్కడా రాసి లేదు కదా. ఎలాగూ కేకు కోసం కాటా కొంటావు, ఈసారి ఆవిడ వండేటప్పుడు అది పట్టుకుని పక్కన నిలబడు. ఆవాలు గుప్పిట్లోకి తీసుకోగానే ముందు గిన్నెలో వెయ్యమని తూచు. చింతపండూ అంతే. ఆవ ఎప్పుడు కలుపుతారో, పొయ్యి మీద ఉండగానా దించాకా, అది తప్పకుండా రాయి. పనసకాయలు ముదిరిపోకముందే అదంతా రాసి పంపు, ఇక్కడ మైలాపూర్ మార్కెట్లో పొట్టు కొట్టించుకుని వండుతా.

పాపకి ముద్దులు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
మావ