రూట్ కెనాల్‌లో లైట్ ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

నేను రిటైరైన సైన్స్ టీచర్ని. రూట్ కెనాల్ చేయించుకున్న దవడ పన్ను రెండేళ్లకే మళ్లీ చీము పట్టింది. ఒక క్లినిక్‌కి వెళ్తే ‘లైట్ పెడితే చాలు, ఒక్క క్రిమి మిగలదు’ అన్నారు. ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. వేరే డాక్టరు పాత ఫిల్లింగ్ తీసి, ఫైళ్లనే సన్నని పనిముట్లతో లోపల గీకి, క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రవంతో కడిగి, ఆ తర్వాతే నీలం ద్రావణం నింపారు. కాసేపాగి సన్నని ఫైబర్‌తో ఎర్ర కాంతి పంపారు.

ఆ నీలం మిథిలిన్ బ్లూ! బుగ్గ కణాలను మైక్రోస్కోపులో చూపించడానికి ఏళ్ల తరబడి పిల్లలకు నేను చుక్కలేసిన రంగే. అది బ్యాక్టీరియాకు అంటుకుంటుంది. సుమారు 660 నానోమీటర్ల ఎర్ర కాంతి పడితే చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను చురుకైన రూపంలోకి మారుస్తుంది. ఆ ఆక్సిజనే క్రిముల పొరను చీలుస్తుంది. రంగు, వెలుతురు కలిస్తే సూక్ష్మజీవులు చస్తాయని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే పరిశోధకుడు 1900లోనే ప్రచురించాడు.

కానీ ఎంటరోకోకస్ ఫీకాలిస్ లాంటి మొండి క్రిములు దంతంలోని సూక్ష్మ నాళికల్లో దాక్కుంటాయి. రంగు, కాంతి, ఆక్సిజన్ మూడూ అక్కడిదాకా చేరితేనే ఫలితం. అందుకే ఇది కడగడానికి తోడే తప్ప బదులు కాదు. చివర్లో రంగును బాగా కడక్కపోతే పన్ను మీద మరక కూడా పడుతుంది.

దయచేసి మీ ఆరోగ్య పేజీలో ఈ తేడాను వివరంగా రాయించండి. నొప్పితో, టెన్షన్‌తో కుర్చీలో కూర్చున్న మనిషికి ‘ముందు కడుగుతారా?’ అని అడగాలని తోచదు.

– ఒక పాఠకురాలు