తూకం రాస్తున్నారు, చక్కెర చూడటం లేదు

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

అయ్యా, కోనసీమ లంక గ్రామాల్లో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైన దాన్ని. పురిటి గదిలో నాకు మొదటినుంచీ నేర్పిన పని, బిడ్డను తూచి కార్డు మీద బరువు రాయడం. రెండున్నర కిలోల లోపుంటే ఆ అంకె చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసేవాళ్లం. గీత గీశాక ఏం చెయ్యాలన్నది మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు చేసేవారు. ఇప్పటికీ చాలాచోట్ల అంతే. అలాంటి బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోవచ్చు, దాన్ని చూసేవాళ్లు తక్కువ. ఈ ఉత్తరం దాని గురించే.

2022 జూలైలో గోదావరి పోటెత్తినప్పుడు మా చెల్లెలి కోడలు ఏటిగట్టుకు దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రిలో ప్రసవించింది. ఆడపిల్ల, 2,100 గ్రాములు. బరువు రాశారు, తల్లి పక్కన పడుకోబెట్టారు. పాలు పడలేదని ఇంట్లోవాళ్లు పంచదార నీళ్లు దూది వత్తితో చప్పరింపజేశారు. పాప ఏడవలేదు, కదల్లేదు. "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోయారు. తెల్లవారి నేను పంటు మీద ఏరు దాటి వెళ్లి చూసేసరికి అరికాళ్లు చల్లగా ఉన్నాయి, రొమ్ము నోట్లో పెట్టినా చీకలేదు. చక్కెర చూడమన్నాను. గ్లూకోమీటరు ఉంది, స్ట్రిప్పులు లేవు. వచ్చినవన్నీ పెద్దవాళ్ల షుగరు పరీక్షలకే అయిపోయాయట. పాపను తల్లి గుండెకు ఆనించి, చీరతో చుట్టి, 108లో పంపాం. పెద్దాసుపత్రిలో చూస్తే చక్కెర 22. నలభై అయిదు కంటే దిగినా కంగారుపడాల్సిందే.

పిల్ల బతికింది, ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది. మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఆ రాత్రి వల్లేనని ఏ డాక్టరూ రాసివ్వలేడు, కాదనీ చెప్పలేడు.

బరువుకూ చక్కెరకూ ఏమిటి సంబంధమని తల్లులు అడిగితే నేను మన కాలవలతో పోల్చి చెప్పేదాన్ని. కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ ద్వారా బిడ్డకు చక్కెర పారుతూనే ఉంటుంది. బొడ్డు కోయగానే లాకు దించేసినట్టు. వేసవిలో కాలవలు కట్టేసేముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాం కదా, బిడ్డ కూడా ఆఖరి నెలల్లో కాలేయంలో చక్కెరనూ, ఒంట్లో కొవ్వునూ అలాగే నిల్వ చేసుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టినా, నిండినా కడుపులో ఎదగకుండా పుట్టినా ఆ చెరువు చిన్నది. ఖర్చు మాత్రం తక్కువ కాదు, ఒంటితో పోలిస్తే మెదడు పెద్దది మరి. పైగా చిన్న ఒంట్లోంచి వేడి త్వరగా పోతుంది. వేడి పుట్టించడానికి భుజాల మధ్యా మెడ చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వును కరిగించుకోవాలి, అదీ అంతంతమాత్రమే. చలికి ఉన్న చక్కెరా ఖర్చయిపోతుంది. అందుకే పుట్టిన వెంటనే నీళ్లు పోయొద్దని అంతగా పోరేదాన్ని.

బొద్దుబిడ్డల సంగతీ చెప్పాలి. నాలుగు కిలోల బిడ్డ పుడితే మనవాళ్లు దిష్టి తీస్తారు, చక్కెర చూడరు. తల్లికి షుగరు ఉంటే ఆ అదనపు చక్కెరకు బిడ్డ క్లోమం ఇన్సులిన్ ఎక్కువ తయారుచేయడం మరుగుతుంది. బొడ్డు కోసి కాలవ కట్టేశాక కూడా ఆ మోటారు తోడుతూనే ఉంటుంది. కొన్ని గంటల్లోనే చక్కెర పడిపోతుంది. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు కూడా. తల్లికి గర్భంలో చేసిన చక్కెర పరీక్ష ఫలితం పురిటి గది కాగితం మీద ఉండదు. అది వేరే పుస్తకంలో ఎక్కడో ఉంటుంది.

మీ దృష్టికి తేవాలనుకున్నది మరొకటుంది. పుణె పిల్లలనూ ఇంగ్లండులో సౌతాంప్టన్ పిల్లలనూ 2003లో పోల్చి చూశారు. సగటున మనవాళ్లు 2.7 కిలోలు, వాళ్లు 3.5. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపించే బిడ్డే లోపల కొవ్వు దాచుకుని పుడుతోంది. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు పెద్దయ్యాక షుగరు, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. మా గట్టు మీద ఏ వీధిలో అడిగినా షుగరు మాత్రలు వాడేవాళ్లు ఉన్నారు. అందుకే ఆ ఎర్ర గీతను తొలిరోజు సంగతిగానే చూడొద్దని మనవి.

ఆశా కార్యకర్త ఇంటికి తొలిసారి వచ్చేది మూడో రోజున. చక్కెర పడిపోయేది తొలి గంటల్లో. ఆ గంటలు ఆసుపత్రివే, అంటే మీ శాఖవే. కాబట్టి ప్రసవాలు జరిగే ప్రతి కేంద్రంలో పసిబిడ్డల కోసమే విడిగా స్ట్రిప్పులు ఉంచండి, పెద్దవాళ్ల లెక్కలో కలపొద్దు. గ్లూకోమీటరు కొంత తేడా చూపిస్తుందంటారు. ల్యాబులో మళ్లీ చూసుకుంటారు, ముందు అనుమానమైనా రావాలి కదా. రెండున్నర కిలోల లోపు బిడ్డకూ, నాలుగు దాటిన బిడ్డకూ, షుగరున్న తల్లి బిడ్డకూ తొలి గంటలోనే ముర్రుపాలు పట్టించి, రెండో గంట నుంచీ చక్కెర చూసి, ఆ అంకెను బరువు పక్కనే రాయాలని ఆదేశం ఇవ్వండి. పెద్దాసుపత్రికి పంపాల్సివస్తే బిడ్డను తల్లి గుండెకు ఆనించే పంపాలి. పుట్టగానే అలా తల్లి గుండె మీద ఉంచితే బాగా తక్కువ బరువు బిడ్డల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో చేసిన పరిశీలనలో తేలింది, 2021లో. దానికి కావలసినవి ఓ చీర, ఓపికున్న నర్సమ్మ.

వరదొస్తే నెలలు నిండిన గర్భిణులను ముందే గట్టు దాటిస్తున్నారు, సంతోషం. ఆ జాబితాలో షుగరున్నవాళ్ల పేర్ల పక్కన, కవలలున్నవాళ్ల పేర్ల పక్కన, బిడ్డ ఎదుగుదల తక్కువని స్కానింగులో తేలినవాళ్ల పేర్ల పక్కన ఒక గుర్తు పెట్టించండి. వాళ్లను చేర్చే ఆసుపత్రిలో స్ట్రిప్పులు ఉన్నాయో లేదో ఆషాఢం రాకముందే ఒకసారి కనుక్కోండి.

ఇట్లు,
లంకల్లో పనిచేసిన ఒక విశ్రాంత ఏఎన్‌ఎం